వాల్యుయేషన్ పెద్దదని సంతకం పెట్టేయకండి: ఫండింగ్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

స్టార్టప్ ఫండింగ్ గురించి ఏం అడగాలన్నా అడగండి అని పోయిన నెల రాశాను. వచ్చిన మెయిళ్లన్నీ చదివాక ఒక విషయం గమనించాను. వాల్యుయేషన్ (కంపెనీకి కట్టే విలువ) ఎంతో అందరూ మొదటి లైన్లోనే రాస్తున్నారు, మిగతా షరతుల దగ్గరికి వచ్చేసరికి "అవన్నీ మామూలివే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ మామూలివే రేపు ఎవరి చేతికి ఎంత వస్తుందో తేల్చేవి కాబట్టి ఈసారి వాటి మీదే ఎక్కువ రాస్తున్నాను.

ప్రశ్న: మేడం, మేం ముగ్గురం కో-ఫౌండర్లం. ఒకే వారంలో రెండు టర్మ్ షీట్లు (పెట్టుబడి షరతులు రాసిన కాగితాలు) వచ్చాయి. ఇద్దరూ 10 కోట్లే పెడతారు. మొదటివాళ్లది 40 కోట్ల ప్రీ-మనీ, కాకపోతే రౌండ్‌కి ముందే 15 శాతం ఆప్షన్ పూల్ పెట్టాలంటున్నారు, 1 ఎక్స్ పార్టిసిపేటింగ్ ప్రిఫరెన్స్ అని కూడా ఉంది. రెండోవాళ్లు 30 కోట్లే ఇస్తున్నారు, పూల్ 5 శాతం, 1 ఎక్స్ నాన్-పార్టిసిపేటింగ్. తేడా 10 కోట్లు కదా, మిగతా ఇద్దరూ మొదటిదానికే సై అంటున్నారు. ఏం చేయాలి?

మీ ముగ్గురూ ఒకచోట కూర్చుని, ఒక ఖాళీ ఎక్సెల్ షీట్ తెరిచి, నేను కింద రాసింది మీ చేతులతో మీరే వేసి చూడండి. నా మాట నమ్మడం కన్నా అది ముఖ్యం.

ముందు వాటాలు. ప్రీ-మనీ అంటే కొత్త డబ్బు పడకముందు కంపెనీకి కట్టిన విలువ, పోస్ట్-మనీ అంటే పడ్డాక ఉండే విలువ. మొదటి ఆఫర్‌లో 40కి 10 కలిపితే పోస్ట్-మనీ 50 కోట్లు, ఇన్వెస్టర్‌కి 20 శాతం. ఉద్యోగుల కోసం పక్కన పెట్టే షేర్ల పూల్ 15 శాతం, అది పూర్తిగా మీ వాటాలోంచే పోతుంది, ఎందుకంటే "ప్రీ-మనీలో పూల్" అంటే అర్థమే అది. మీ ముగ్గురికీ కలిపి మిగిలేది 65 శాతం. అంటే మీ కంపెనీకి వాళ్లు నిజంగా కట్టిన విలువ 40 కాదు, 32.5 కోట్లు, మిగతా ఏడున్నర కోట్లు ఇంకా చేరని ఉద్యోగుల పేరు మీద పక్కన పెట్టిన షేర్లు. రెండో ఆఫర్‌లో పోస్ట్-మనీ 40, ఇన్వెస్టర్‌కి 25 శాతం, పూల్ 5, మీకు 70. వాల్యుయేషన్ 10 కోట్లు తక్కువ, చేతిలో ఉండే వాటా మాత్రం 5 శాతం ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి, కంపెనీ అమ్మిన రోజు. గొప్పగా ఏమీ జరగలేదు, 30 కోట్లకు అమ్మారు అనుకుందాం. పూల్ మొత్తం ఉద్యోగులకు ఇచ్చేశారనుకోండి, లెక్క సులువుగా ఉంటుంది. 1 ఎక్స్ ప్రిఫరెన్స్ అంటే పెట్టినంత డబ్బు అందరికన్నా ముందు వెనక్కి తీసుకునే హక్కు. మొదటి ఆఫర్‌లో ఇన్వెస్టర్ ముందు తన 10 కోట్లు తీసుకుంటాడు, ఆ తర్వాత కూడా లేవడు, మిగిలిన 20లో తన 20 శాతం, అంటే ఇంకో 4 తీసుకుంటాడు. పార్టిసిపేటింగ్ అంటే ఇదే, పెట్టింది వెనక్కి తీసుకుని మళ్లీ పంపకంలోనూ కూర్చోవడం. మీ ముగ్గురికీ వచ్చేది 13 కోట్లు. రెండో ఆఫర్‌లో ఇన్వెస్టర్ ఏదో ఒకటే ఎంచుకోవాలి: తన 10 వెనక్కి తీసుకోవడమా, లేక తన షేర్లను మామూలు (కామన్) షేర్లుగా మార్చుకుని 25 శాతం తీసుకోవడమా. 30లో 25 శాతం ఏడున్నరే, కాబట్టి 10 తీసుకుని పక్కకు తప్పుకుంటాడు. మిగిలిన 20 మీకూ పూల్‌కీ 70కి 5 చొప్పున పంచితే మీకు సుమారు 18.67 కోట్లు.

13 ఎక్కడ, 18.67 ఎక్కడ. అదే కంపెనీ, అదే అమ్మకం.

సరే, పెద్దగా అమ్ముదాం, 100 కోట్లకు. మొదటిదానిలో ఇన్వెస్టర్‌కి 10, ఆపైన 90లో 18, మొత్తం 28, మీకు 58.5. రెండోదానిలో ఆయన షేర్లు మార్చుకుని 25 తీసుకుంటాడు, మీకు 70. "పూల్ అంతా ఎక్కడ వాడతాం, వాడనిది మాకే కలిసొస్తుంది కదా" అని మీ పార్ట్‌నర్ అంటారేమో, అదీ వేసి చూశాను. మొదటి ఆఫర్‌లో మూడింట రెండొంతుల పూల్ వాడకుండా రద్దయిపోయినా 30 కోట్ల అమ్మకంలో మీకు 14.44, 100 కోట్ల అమ్మకంలో 65. రెండోదాన్ని అప్పటికీ అందుకోదు.

అలాగని మొదటివాళ్లను వదిలేయమని అనడం లేదు. ఇద్దరు బల్ల దగ్గర ఉన్నప్పుడే అడగగలిగినవి అడగాలి. పార్టిసిపేషన్ తీసేయమనండి. ససేమిరా అంటే దానికి క్యాప్ పెట్టమనండి, పెట్టినదానికి రెండు రెట్లు వచ్చాక ఇక పంపకంలో ఉండకూడదని. పూల్ విషయంలో "ఎక్కువైంది, తగ్గించండి" అంటే ఎవరూ వినరు, దానికి బదులు రాబోయే 18 నెలల్లో ఎవరెవరిని తీసుకుంటారు, ఒక్కొక్కరికి ఎంత ఇస్తారు అని పేరూ పోస్టూ రాసిన హైరింగ్ ప్లాన్ వాళ్ల ముందు పెట్టండి. ప్లాన్ 7 శాతం దగ్గర ఆగితే 15 ఎందుకో చెప్పాల్సిన బాధ్యత వాళ్ల మీదకు వెళ్తుంది.

ఇంకొకటి. ఈ ప్రిఫరెన్సులు రౌండ్ రౌండ్‌కీ పేరుకుంటాయి. 2018లో ఫ్యాన్‌డ్యూయెల్ అనే ఫాంటసీ స్పోర్ట్స్ కంపెనీని బెట్టింగ్ కంపెనీ పాడీ పవర్ బెట్‌ఫెయిర్ తీసుకున్నప్పుడు కంపెనీకి కట్టిన విలువ సుమారు 46.5 కోట్ల డాలర్లు, ప్రిఫరెన్స్ ఉన్న (ప్రిఫర్డ్) షేర్లవాళ్లకు ముందుగా దక్కాల్సిన మొత్తం సుమారు 55.9 కోట్ల డాలర్లు. కంపెనీ పెట్టినవాళ్ల కామన్ షేర్లకు ఏమీ మిగల్లేదు, వాళ్లు కోర్టుకెళ్లారు. మొదటి రౌండ్‌లో మీరు ఒప్పుకున్న షరతునే తర్వాతి రౌండ్ వాళ్లూ "మాకూ అదే ఇవ్వండి" అంటారు కాబట్టి, ఇప్పుడు కాస్త గట్టిగా ఉండటం రేపటి రౌండ్లన్నిటికీ పనికొస్తుంది.

ప్రశ్న: అక్కా, నేను 40 మంది ఇన్వెస్టర్లకు మెయిల్ పెట్టాను. 31 మంది అసలు రిప్లై ఇవ్వలేదు. ఏడుగురు వద్దన్నారు. ఇద్దరు మాత్రం "ఇంట్రెస్టింగ్, టచ్‌లో ఉందాం" అన్నారు. ఆరు వారాలైంది. నా ఐడియాలోనే తప్పుందా?

తమ్ముడూ, ఐడియా సంగతి తర్వాత, ముందు ఆ 40 మంది లిస్టు చూడాలి. ఫండ్ అంటే ఏంటో తెలిస్తే సగం బాధ పోతుంది. వాళ్లది కూడా ఒకరి దగ్గర తెచ్చిన డబ్బే. మామూలుగా ఫండ్ ఆయుష్షు పదేళ్లు, కొత్త కంపెనీల్లో పెట్టేది మొదటి మూడు నుంచి ఐదేళ్లలో, ఆ తర్వాత ఉన్న కంపెనీలకే మళ్లీ పెడుతూ, అమ్ముకుంటూ పోతారు. ఏడో ఏట ఉన్న ఫండ్‌కి నువ్వు ఎంత మంచి డెక్ (కంపెనీ గురించి చెప్పే స్లైడ్లు) పంపినా చెక్కు రాదు, అక్కడ కొత్తవాళ్లకు డబ్బు లేదు. పెట్టిన కంపెనీల్లో చాలావరకు పోతాయి, ఒకటో రెండో మొత్తం ఫండ్‌ని వెనక్కి తెస్తాయి, అందుకని "ఇది బాగా నడిచే వ్యాపారమా" అన్న ప్రశ్నతో వాళ్లు ఆగరు, "ఇది ఒక్కటే మా ఫండ్‌ని తిరిగి తెచ్చేంత పెద్దదవుతుందా" అని అడుగుతారు. మంచి లాభాలతో నిదానంగా ఎదిగే కంపెనీకి వాళ్లు నో చెప్పారంటే నీ కంపెనీ చెడ్డదని కాదు, వాళ్ల లెక్కలో ఇమడలేదంతే.

కాబట్టి లిస్టు మార్చు. నీ స్టేజ్‌లో, నీకు కావలసిన సైజు చెక్కు, ఈ ఏడాది లోపు ఎవరికైనా ఇచ్చినవాళ్లు ఎవరో చూడు. నీకు నేరుగా పోటీ ఉన్న కంపెనీలో ఇప్పటికే పెట్టినవాళ్లను తీసేయ్. మిగిలినవాళ్ల దగ్గరికి, వాళ్లు డబ్బు పెట్టిన ఫౌండర్ ఎవరైనా ఉంటే వాళ్ల ద్వారా వెళ్లు, ఆ ఒక్క పరిచయం పది మెయిళ్లతో సమానం. అందరినీ ఒకే రెండు మూడు వారాల్లో కలిసేలా పెట్టుకో. ఒకరి తర్వాత ఒకరిని నెలకొకరి చొప్పున కలిస్తే ఎవరికీ తొందర ఉండదు, నీ బ్యాంకు బ్యాలెన్స్ మాత్రం తరుగుతూ ఉంటుంది.

"టచ్‌లో ఉందాం" అన్నదాన్ని నో కిందే రాసుకో. మీటింగ్ బాగా జరిగితే చివర్లో ఒక్కటే అడుగు: "ఇక్కడి నుంచి డబ్బు అకౌంట్లో పడేదాకా మీ దగ్గర ఏమేం దశలుంటాయి, ఎవరెవరు ఒప్పుకోవాలి?" నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు గడగడా చెప్పేస్తారు.

తిరస్కారాల గురించి ఒక మాట. 2008లో ఎయిర్‌బిఎన్‌బి వాళ్లు 15 లక్షల డాలర్ల విలువ మీద లక్షన్నర డాలర్ల కోసం తిరిగారు. పరిచయం దొరికిన ఏడుగురు ఇన్వెస్టర్లలో ఐదుగురు వద్దన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఆ మెయిళ్లను కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన బ్రయాన్ చెస్కీ తర్వాత బయటపెట్టాడు కూడా. నీకు వచ్చిన ఏడు తిరస్కారాలూ మళ్లీ తీసి చదువు, ఒకే కారణం మూడుసార్లు కనిపిస్తే అది సరిచేయాల్సిందే, ఏడుగురూ ఏడు కారణాలు చెప్తే పట్టించుకోకు.

ప్రశ్న: సేఫ్ నోట్ల మీద మూడుసార్లు డబ్బు తీసుకున్నాం. 10 కోట్ల క్యాప్ మీద కోటి, 12 కోట్ల క్యాప్ మీద 1.2 కోట్లు, 20 కోట్ల క్యాప్ మీద కోటి. అన్నీ పోస్ట్-మనీ. షేర్లు ఇంకా ఇవ్వలేదు కాబట్టి మా వాటా మాకే ఉన్నట్టేనా?

ఉన్నట్టు కాదండీ. సేఫ్ అంటే డబ్బు ఇప్పుడు తీసుకుని షేర్లు తర్వాతి రౌండ్‌లో ఇస్తామనే ఒప్పందం, క్యాప్ అంటే ఆ షేర్ల లెక్కకు కంపెనీ విలువ మీద పెట్టే పై హద్దు. సేఫ్‌ని స్టార్టప్‌లకు మొదటి పెట్టుబడి పెట్టే అమెరికా సంస్థ వై కాంబినేటర్ 2013లో తెచ్చింది, 2018లో దాన్ని పోస్ట్-మనీ పద్ధతికి మార్చింది. ఆ మార్పు వల్ల లెక్క వేయడం చాలా తేలికైంది: పెట్టిన డబ్బుని క్యాప్‌తో భాగిస్తే చాలు. మొదటిది 10 శాతం, రెండోది 10, మూడోది 5. మొత్తం 25 శాతం ఇప్పటికే వెళ్లిపోయింది, కాగితం మీద కనిపించడం లేదంతే. పైగా పోస్ట్-మనీ సేఫ్‌లో ఒక నోట్ ఇంకో నోట్ వాటాని పలుచన చేయదు, మూడూ కలిసి మిమ్మల్నీ మీ దగ్గర ఇప్పటికే షేర్లు ఉన్నవాళ్లనీ మాత్రమే పలుచన చేస్తాయి.

ఇక రేపు వచ్చే రౌండ్‌లో, క్యాప్‌ల కన్నా ఎక్కువ ధరకే, కొత్త ఇన్వెస్టర్ 20 శాతం తీసుకుని 10 శాతం కొత్త పూల్ పెట్టమన్నాడనుకోండి. మిగిలిన 70లో మీది 75 శాతం, అంటే 52.5. ఇద్దరు ఫౌండర్లయితే తలా 26 చిల్లర. నాలుగో సేఫ్ రాసే ముందు ఈ లెక్క ఇద్దరూ కలిసి చూడండి, ఆ రౌండ్ రోజున మొదటిసారి చూసి ముఖాలు వాడిపోయిన ఫౌండర్లను నేను చాలామందిని చూశాను.

ప్రశ్న: టర్మ్ షీట్ మీద సంతకం పెట్టి మూడు వారాలైంది, 60 రోజుల ఎక్స్‌క్లూజివిటీ ఉంది. ఇప్పుడు ఇంకో ఫండ్ ఫోన్ చేసి ఎక్కువ ఇస్తామంటోంది. టర్మ్ షీట్ బైండింగ్ కాదంటారు కదా, మాట్లాడొచ్చా?

వద్దు. టర్మ్ షీట్‌లో వాల్యుయేషన్, ప్రిఫరెన్స్ లాంటివి సాధారణంగా బైండింగ్ కావు, అంటే చట్టపరంగా కట్టిపడేయవు, నిజమే. కానీ గోప్యత, నో-షాప్ (మీరన్న ఎక్స్‌క్లూజివిటీయే, ఆ గడువులో వేరే ఇన్వెస్టర్లతో మాట్లాడకూడదన్నది), ఖర్చులు ఎవరు భరించాలన్న క్లాజులు బైండింగ్‌గానే రాస్తారు. మీదాంట్లో ఎలా ఉందో లాయర్‌తో చదివించుకోండి. ఫోన్ చేసినవాళ్లతో "ఫలానా తేదీ దాకా మాట్లాడలేం" అని మర్యాదగా చెప్పి ఊరుకోండి, అసలు కారణం కూడా చెప్పొద్దు.

ఇది నాకు బాగా తగిలిన విషయం కాబట్టి రాస్తున్నాను. నా మొదటి కంపెనీకి వచ్చిన టర్మ్ షీట్‌లోనూ 60 రోజులే ఉంది. సంతకం పెట్టిన సాయంత్రం ఆఫీసులో అందరం చప్పట్లు కొట్టాం, మిగతా ముగ్గురు ఇన్వెస్టర్లకు నేనే "థాంక్యూ, క్లోజ్ అయిపోయింది" అని మెయిల్ పెట్టాను. డ్యూ డిలిజెన్స్ (డబ్బు పెట్టే ముందు కంపెనీ లెక్కలూ పత్రాలూ తనిఖీ చేయడం) అని రోజుకో కాగితం అడిగారు, ఇచ్చాం. 52వ రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "మార్కెట్ మారింది, వాల్యుయేషన్ నాలుగో వంతు తగ్గిస్తేనే కమిటీ ఒప్పుకుంటుంది" అన్నారు. ఫోన్ చెవి దగ్గర ఉండగానే లాప్‌టాప్‌లో బ్యాంకు పేజీ తెరిచాను, ఇంకో నెల జీతాలకు సరిపడా ఉంది, దాని తర్వాత లేదు. ఆ ముగ్గురికీ మళ్లీ ఫోన్ చేస్తే ఒకరు ఆ డబ్బు ఇంకో కంపెనీలో పెట్టేశారు, మిగతా ఇద్దరూ "అక్కడ ఏదో తేడా దొరికి ఉంటుంది" అని భయపడ్డారు. తగ్గించిన ధరకే సంతకం పెట్టాను. ఆ రాత్రి టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇంకా సంతకం పెట్టనివాళ్లు వినండి. నో-షాప్ 30 రోజులు అడగండి, మహా అయితే 45. ఇన్వెస్టర్ ధర తగ్గించమన్నా, ముఖ్యమైన షరతు మార్చమన్నా ఆ క్షణమే నో-షాప్ రద్దవుతుందని ఒక వాక్యం రాయించండి. డ్యూ డిలిజెన్స్ కాగితాలన్నీ, షేర్ల రిజిస్టర్, ఉద్యోగుల ఒప్పందాలు, ఐపీ (మేధో సంపత్తి) బదిలీ పత్రాలు, పన్నుల రిటర్నులు, టర్మ్ షీట్ రాకముందే ఒక ఫోల్డర్‌లో సిద్ధంగా పెట్టుకోండి, ఆలస్యం మీ వైపు నుంచి లేకపోతే వాళ్లకు సాకు దొరకదు. డబ్బు అకౌంట్లో పడేదాకా ఎవరికీ "క్లోజ్ అయింది" అని చెప్పొద్దు.

ప్రశ్న: కంపెనీ పెట్టింది నేను, మూడేళ్లు ఒక్కడినే కష్టపడ్డాను. ఇప్పుడు నా షేర్లకే నాలుగేళ్ల వెస్టింగ్ అంటున్నారు. ఇది అవమానం కాదా?

మీ బాధ అర్థమైంది, కానీ అవమానంగా తీసుకోకండి. వాళ్లు డబ్బు పెట్టేది ప్రధానంగా మిమ్మల్ని చూసే, రేపు ఉదయం మీరు మొత్తం షేర్లతో వెళ్లిపోతే వాళ్ల దగ్గర మిగిలేదేమీ ఉండదు. వెస్టింగ్ అంటే షేర్లు ఒకేసారి కాకుండా ఏళ్లు గడిచేకొద్దీ మీవి కావడం, క్లిఫ్ అంటే మొదటి గడువు నిండేదాకా ఏమీ మీవి కాకపోవడం. నాలుగేళ్లు, మొదటి ఏడాది క్లిఫ్ అన్నది చాలా చోట్ల ఉన్నదే. మీరు పట్టుబట్టాల్సింది వేరే. గడిచిన మూడేళ్లకు లెక్క కట్టి సగమో ఆపైనో ఇప్పుడే మీవిగా రాయమనండి, మిగతాదానికే వెస్టింగ్ పెట్టమనండి, మూడేళ్లు పనిచేసినవాళ్లకు మళ్లీ క్లిఫ్ అక్కర్లేదు. కంపెనీ అమ్ముడుపోయి, ఆ తర్వాత కొన్నవాళ్లు మిమ్మల్ని తీసేస్తే మిగతా షేర్లన్నీ వెంటనే మీవయ్యేలా డబుల్ ట్రిగర్ అడగండి. అన్నిటికన్నా, వెళ్లిపోయేటప్పుడు షేర్లు పోగొట్టుకునే "బ్యాడ్ లీవర్" అంటే ఎవరో ఆ నిర్వచనం పదం పదం చదవండి. మోసం, దొంగతనం లాంటివి ఉంటే సరే. "బోర్డుకు తృప్తికరంగా పనిచేయకపోతే" అని ఉంటే కొట్టేయించండి, ఎందుకంటే అప్పుడు వెస్ట్ అయిన షేర్లు కూడా బోర్డు దయ మీద ఉన్నట్టే.

ప్రశ్న: మా టర్మ్ షీట్‌లో ఫుల్ రాచెట్ అని ఉంది. "వాల్యుయేషన్ పడిపోతేనే కదా, అప్పుడు చూద్దాం" అంటున్నాడు మా వాడు.

అప్పుడు చూడటానికి ఏమీ ఉండదు. ఒక ఇన్వెస్టర్ షేరు 100 చొప్పున లక్ష షేర్లు కొన్నాడు, కంపెనీలో మొత్తం 5 లక్షల షేర్లున్నాయి అనుకోండి. తర్వాతి రౌండ్‌లో 50 చొప్పున ఇంకో లక్ష షేర్లు అమ్మాల్సి వచ్చింది. ఫుల్ రాచెట్ ఉంటే పాత ఇన్వెస్టర్ కొన్న ధర కూడా 50కి దిగిపోతుంది, ఆయన లక్ష షేర్లు 2 లక్షలవుతాయి. కొత్తగా అమ్మింది పది షేర్లే అయినా అంతే! బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ ఉంటే ఎంత అమ్మారన్నది కూడా లెక్కలోకి వస్తుంది, ఆయన ధర సుమారు 91.67కి దిగుతుంది, లక్ష షేర్లు సుమారు 1,09,091 అవుతాయి. ఒకదానిలో లక్ష షేర్లు అదనం, ఇంకోదానిలో 9 వేల చిల్లర.

పెద్ద కంపెనీలకు ఇలాంటివి రావనుకోకండి. 2015లో అమెరికా పేమెంట్ల కంపెనీ స్క్వేర్ ఐపీఓకి వచ్చినప్పుడు షేరు 9 డాలర్లకే వెళ్లింది. అంతకు ముందు రౌండ్‌లో 15.46 డాలర్లకు కొన్నవాళ్లకు ఐపీఓలో కనీసం 20 శాతం లాభం ఉండాలన్న రాచెట్ ఉంది, ఆ లోటు పూడ్చడానికి వాళ్లకు అదనంగా షేర్లు ఇవ్వాల్సి వచ్చింది, మిగతా అందరి వాటా ఆ మేరకు తగ్గింది. మీవాడికి ఈ రెండు లెక్కలూ చూపించి, వెయిటెడ్ యావరేజ్ అడగండి. ఎక్కువమంది ఇన్వెస్టర్లు ఒప్పుకునేదే అది.

ప్రశ్న: బోర్డులో ఒక సీటు, ఇంకా 22 విషయాల్లో వీటో అడుగుతున్నారు. ఎక్కువా?

సీటు సరే. ఇద్దరు ఫౌండర్లు, ఒక ఇన్వెస్టర్ అన్నది మొదటి రౌండ్‌కి బాగుంటుంది. వీటో లిస్టులో కంపెనీ అమ్మడం, కొత్త ప్రిఫర్డ్ షేర్లు ఇవ్వడం, వాళ్ల హక్కులు మార్చడం, భారీ అప్పు తేవడం ఉంటే ఒప్పుకోండి. ఉద్యోగిని తీసుకోవడం, ఆఫీసు మార్చడం, మామూలు వెండర్ ఒప్పందాలు ఉంటే తీసేయించండి, అవి రోజువారీ పనులు.

ప్రశ్న: మా చుట్టాల్లో ఒక లాయర్ ఉన్నారు, ఆస్తి కేసులు చూస్తారు. డబ్బు తీసుకోకుండా మా టర్మ్ షీట్ చూసిపెడతానన్నారు. చాలదా?

ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, చాలదు. ఇలాంటి డీల్స్ పదో ఇరవయ్యో చేసిన లాయర్ కావాలి, ఎందుకంటే క్లాజు తప్పో ఒప్పో చెప్పడం కన్నా "ఇది అడిగితే వాళ్లు వదులుతారు, అది వదలరు" అని చెప్పడమే వాళ్ల విలువ. వాళ్లను టర్మ్ షీట్ మీద సంతకం అయ్యాక కాదు, ముందే పెట్టుకోండి. ఇంకోటి, ఇన్వెస్టర్ లాయర్ ఫీజు కూడా చాలాసార్లు మీ కంపెనీయే కట్టాలని టర్మ్ షీట్‌లో ఉంటుంది. దానికి పై హద్దు ఎంతో అంకెలో రాయించండి, డీల్ వాళ్ల వల్ల ఆగిపోతే మీరు కట్టనక్కర్లేదని కూడా.